హారతి వేళ ఏనుగు అరుపు

చిత్తూరులో మా వీధి వినాయకుడి పందిట్లో ఏటా గిటారు వాయిస్తాను. మూడేళ్ల క్రితం, కాలితో తొక్కి గిటారు శబ్దం మార్చే విడివిడి పెడళ్లు మోయలేక, అన్ని శబ్దాలూ ఒకే పెట్టెలో ఉండే మల్టీ ఎఫెక్ట్స్ కొన్నాను.

"విడివే మేలప్పా. ఏది తొక్కితే ఏం పలుకుతాదో తెలుస్తాది," అన్నాడు మా డ్రమ్మర్ బాషా. నేను వినలేదు.

ఆ ఏడు పండగ సాయంత్రం పాట మధ్యలోనే హారతి ఇచ్చారు. మెడలో గిటారుందని మరచిపోయి, దండం పెట్టుకుని ఆత్మప్రదక్షిణ చేశాను. కాలు పెట్టె మీద పడింది. స్పీకర్లలోంచి అచ్చం ఏనుగు ఘీంకరించినట్టు అరుపు వచ్చింది. జనం ఉలిక్కిపడి నావైపు తిరిగారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

పూజారి మాత్రం తొణకకుండా, "సామి పలికినాడు," అన్నాడు. జనం చేతులెత్తి మొక్కారు.

అప్పట్నుంచీ ఏటా హారతికి ఆ అరుపే కావాలంటారు. పెట్టెలోని శబ్దాలన్నీ వెతికాను, ఆ అరుపు దొరకలేదు. బాషా మాట వినాల్సింది. ఇప్పుడు హారతి రాగానే కళ్లు మూసుకుని తిరుగుతున్నాను, కాలు మళ్లీ అక్కడే పడుతుందేమోనని.