ఇష్టపూర్వకంగా ఒక కిడ్నీ

మా ఆయన కిడ్నీలు చెప్పాపెట్టకుండా పని మానేశాయి. కాళ్లు వాస్తుంటే కొత్త బూట్లు బిగుతుగా ఉన్నాయనుకున్నాడు. రక్తపరీక్ష చూసి జీపీ, అంటే మా పేటలో డాక్టరు, ఫోన్ చేసేదాకా బూట్ల కొట్టువాణ్ణే తిట్టాడు. కొన్నాళ్లు మందులతో నెట్టుకొచ్చాక డయాలిసిస్ మొదలైంది. ఇంగ్లండ్‌లోని ఈ షెఫీల్డ్‌లో మా ఇల్లు గట్టు మీద ఉంటుంది. డయాలిసిస్ నుంచి వచ్చిన రోజు ఆ గట్టెక్కి, తలుపు తీయగానే చెప్పులతోనే సోఫాలో పడిపోయేవాడు. అంతకుముందు చెప్పులతో లోపలికొస్తే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజుల్లో ఊరుకున్నాను. జబ్బు ఎంత పెద్దదో నాకు అక్కడే అర్థమైంది.

కిడ్నీ ఇస్తానని మొదట ముందుకొచ్చింది మా వదిన, అంటే ఆయన అక్క. గ్లాస్గోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తమ్ముడికి తను కాక ఎవరిస్తారని బంధువులందరి ముందూ ప్రకటించింది. అందరూ ఆమెను దేవతను చేశారు. కొన్ని నెలలు అక్కడే పరీక్షలు జరిగాయి. తర్వాత ఒక రోజు ఫోన్ చేసి, తన కిడ్నీ పనికిరాదన్నారని చెప్పి, ఏడ్చి, పెట్టేసింది.

ఇక మిగిలింది నేను. నాది సరిపోయింది. ఈ కబురు తెలిసి మా తెలుగువాళ్లలో ఒక ఆంటీ ఇంటికొచ్చి, ఈ రోజుల్లో ఇలాంటి పతివ్రత ఎక్కడుందని కళ్లు ఒత్తుకుంది. ఉగాదికి స్టేజీ మీద శాలువా కప్పిస్తానంది. కిడ్నీ ఇంకా నా దగ్గరే ఉంది ఆంటీ, కంగారు పడకండి అన్నాను. మా అమ్మ మాత్రం, ఉన్నవి రెండే కదే అని ఫోన్లో గునిసింది. నన్ను మనిషిగా లెక్కేసింది అమ్మ ఒక్కతే అనిపించింది.

ఆస్పత్రిలో దాతల బాగోగులు చూసే నర్సు ఒకామె ఉండేది. ఒక రోజు ఆయన్ను బయట కూర్చోబెట్టి, నాతో విడిగా మాట్లాడింది. మత్తు ఇచ్చే నిమిషం దాకా నేను మనసు మార్చుకోవచ్చట. వద్దనుకుంటే తనతో ఒక్క మాట చెబితే చాలట. ఇంట్లోవాళ్లతో, ఈమె దాతగా పనికిరాదు అని మాత్రమే చెబుతారట. ఎందుకని ఎవరడిగినా చెప్పరట.

ఎంత మర్యాదస్తులు అనుకున్నాను ముందు. మరుక్షణం మా వదిన గుర్తొచ్చింది. ఈ మాట ఆమెకూ చెప్పే ఉంటారు కదా.

బస్సులో ఆయన, నర్సు ఏమందని అడిగాడు. నీళ్లు ఎక్కువ తాగమందని చెప్పాను.

తర్వాత ఇంకొకాయన ముందు కూర్చోవాలి. డాక్టర్లతో సంబంధం లేని మనిషి. కిడ్నీ ఇష్టంతో ఇస్తున్నారా, భయపెట్టో ఆశపెట్టో ఇప్పిస్తున్నారా అని తేల్చడం ఆయన పని. ఇక్కడి చట్టం అలాంటిది. స్వెట్టర్ వేసుకున్న పెద్దాయన, చాలా మెత్తగా మాట్లాడాడు. నా మీద ఎవరి ఒత్తిడైనా ఉందా అని అడిగాడు. ఉంది, ఇవ్వొద్దని మా అమ్మ ఒత్తిడి చేస్తోంది అన్నాను. ఆయన రాయడం ఆపి, ఇవ్వనంటే మీ ఇంట్లో ఏమవుతుంది అన్నాడు.

అంతవరకూ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకు నేనూ వేసుకోలేదు.

"ఏమీ అవదు" అన్నాను. "మా ఆయన నన్ను ఒక్క మాట అనడు. డయాలిసిస్‌కి వెళ్తాడు, వస్తాడు, సోఫాలో పడిపోతాడు. నేను చూస్తూ ఉండాలి."

"అది ప్రేమంటారా, ఒత్తిడంటారా?"

"మీ కాగితంలో రెండింటికీ వేరే వేరే గళ్లున్నాయా?"

ఆయన నవ్వాడు. తర్వాత మా ఆయన్ను లోపలికి పిలిచి, మీ భార్యకు బదులుగా ఏమైనా ఇస్తానన్నారా అని అడిగాడు. ఈ మహానుభావుడు, జన్మంతా గిన్నెలు కడుగుతానన్నానండీ అన్నాడు. ప్రతిఫలం ఆశ చూపి అవయవం తీసుకోవడం ఈ దేశంలో నేరం. ఆ గిన్నెలు ఎప్పుడు కడుగుతానన్నారు, ఎందుకన్నారు, అంతకుముందు ఎవరు కడిగేవారు అని పెద్దాయన సీరియస్‌గా అడుగుతూనే ఉన్నాడు. అది హాస్యమని రుజువు చేసుకునేసరికి మా ఇద్దరికీ చెమటలు పట్టాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. నా కిడ్నీ ఆయన ఒంట్లోకి వెళ్లీ వెళ్లగానే పని మొదలుపెట్టింది. సంచీ నిండా మూత్రం చూసి వార్డులో అంతా మెచ్చుకున్నారు. ఆయన రెండో రోజుకే టీ అడుగుతున్నాడు. నిక్షేపంగా నడిచి ఆస్పత్రికి వెళ్లిన నేను మాత్రం, దగ్గొస్తుందేమోనని భయపడుతూ దిండు కడుపుకి అదుముకుని పడుకున్నాను.

మమ్మల్ని చూసుకోవడానికి వదిన సెలవు పెట్టి వచ్చింది. వండింది, బట్టలు ఉతికింది, నాకు తల దువ్వింది. ఎప్పుడూ నా కూరలకు వంకలు పెట్టే మనిషి ఒక్క వంకా పెట్టలేదు. నాకు భయమేసింది.

ఒక మధ్యాహ్నం జడ అల్లుతూ, వెనకనుంచే అంది.

"నాది సరిపోయింది. అన్నీ సరిపోయాయి. నేనే వద్దన్నా."

నేను తల తిప్పబోతే జడ పట్టుకుని ఆపింది.

"పనికిరాదని చెబుతామంది అక్కడి నర్సు. చెప్పెయ్యమన్నా. భయమేసింది, అంతే. ఇంకో కారణం లేదు."

కోపం వచ్చింది. కుట్లు సలుపుతున్నప్పుడు మంచి మనసుతో ఆలోచించడం కష్టం. ఆమె నా తల్లోంచి దువ్వెన తీసి, నేను ఏమంటానా అని ఆగింది. తప్పుకునే ఆ తలుపు నాకూ తెరిచే ఉంచారని, నేనూ దాని ముందు కాసేపు నిలబడ్డానని గుర్తొచ్చింది.

"వాళ్లంత కష్టపడి దాస్తే, మీరెందుకు చెప్పేశారు వదినా?" అన్నాను.

ఆమె నవ్వబోయి ఏడ్చింది. తమ్ముడికి చెప్పనా వద్దా అని అడిగింది. మీ కిడ్నీ, మీ ఇష్టం అన్నాను.

సాయంత్రం చెప్పింది. ఆయన చాలాసేపు టీవీ వైపే చూశాడు. టీవీ ఆపేసి ఉంది.

"భయమేస్తే నాతో అనొచ్చుగా అక్కా."

"నీతో అంటే, పర్లేదులే అక్కా అనేవాడివి. అప్పుడిక ఇవ్వక తప్పేది కాదురా."

ఆయన రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. ఆమె కాచిన చారు ముట్టలేదు. తర్వాత, ఉప్పు లేని ఆ చారునే ఇంకాస్త పొయ్యమన్నాడు.

ఆమె వెళ్లే రోజు అక్కాతమ్ముళ్లిద్దరూ మెల్లగా నడుచుకుంటూ స్టేషన్‌కి బయల్దేరారు. చిన్నప్పుడు సైకిల్ ఎవరు విరగ్గొట్టారన్న దాని మీద దారిలో పోట్లాట వచ్చిందట. నిలబడి పోట్లాడుకుంటుంటే రైలు వెళ్లిపోయిందట. ఇంటికి తిరిగొచ్చి, భోజనాల దగ్గర కూడా నువ్వంటే నువ్వనుకున్నారు. వదిన మర్నాటి రైలుకి వెళ్లింది.