పరీక్ష అయ్యాక

మా తాతగారు సూర్యప్రకాశంగారు బి.ఏ. పరీక్ష మూడుసార్లు రాశారు. రెండుసార్లు తప్పారు. పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గడగడా అప్పజెప్పే మనిషి ఎలా తప్పుతాడని ఊళ్ళోవాళ్ళు మద్రాసు పరీక్షకుల్ని తిట్టారు. నేను మాత్రం తాతగారినే తిడతాను. ఎందుకో వినండి. ఇదంతా ముసలితనంలో ఆయనే నాకు చెప్పుకున్నారు.

రాజమండ్రికి ఇంకా రైలు రాని రోజులు. తాతగారిది తరతరాలుగా వేదం చదువుకున్న ఇల్లు. ఆ ఇంట్లో చదువంటే కంఠస్థం చెయ్యడమే. స్వరం తప్పకూడదు, అక్షరం జారకూడదు. అర్థం సంగతి తరవాత చూసుకోవచ్చు. ఆ తరవాత అనేది చాలామందికి రానేలేదు. తాతగారు కాలేజీలో ఇంగ్లీషు కావ్యాలూ, ఇంగ్లండు చరిత్రా తీసుకుని రెండింటినీ అదే పద్ధతిలో వల్లించారు.

ఆయన అప్పజెబుతుంటే తప్పులు పట్టేది ఆయన భార్య అమ్మణ్ణి. ఆవిడ మా నాయనమ్మ కాదు. మా నాయనమ్మ మాణిక్యాంబ తరవాత వచ్చిన మనిషి. ఆవిడ రాకపోతే నేను లేను, అయినా ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నా మనసు అమ్మణ్ణి వైపే పోతుంది.

అమ్మణ్ణిది ముక్కామల ఊరు, వేంకటేశ్వర్లు ఘనపాఠిగారి కూతురు. ఆడపిల్లకి వేదం చెప్పరు కదా. తండ్రి శిష్యులకి చెబుతుంటే వంటింట్లోంచి విని, ఎవడు ఎక్కడ తప్పాడో పట్టేసేదట. ఆ చెవికి ఇంగ్లీషు ఒక లెక్కా? ఏబీసీడీలు రావు. తాతగారు నాలుగుసార్లు పైకి చదివితే చాలు, అచ్చు గుద్దినట్టు గుర్తుండిపోయేది. సాయంత్రాలు ఆయన పుస్తకం మూసి చెబుతుంటే, ఆవిడ వత్తులు చేసుకుంటూ వినేది. మాట జారితే ఆవిడ వేళ్ళు ఆగేవి.

"మొన్న ఇక్కడ ఇంకో మాట ఉందండి," అని ఆ మాటని ఉన్నదున్నట్టు అనేది.

ఒకనాడు ఉత్సాహంలో తాతగారు, ఈ పాఠం ఒక రాజుగారి గురించి, సొంత ప్రజలే ఆయన తల తీయించారు అని నోరు జారారు.

"అయ్యో! సొంత ప్రజలేనా? అంత పని ఏం చేశాడండీ?"

"పరీక్ష అయ్యాక చెబుతాను. ముందు విను."

ఇంకోనాడు ఒక కావ్యం అప్పజెబుతుంటే మధ్యలో అడిగింది.

"ఇది ఏడుపు పాట కదండీ? ఎవరు పోయారు?"

"నీకెలా తెలుసు?"

"ఏడుపు తెలీదేంటండీ? ఆ రాజుగారి రోజుల్లోదేనా ఇదీను?"

తాతగారు నవ్వారట. "రాజులది ఒక పుస్తకం, కవులది ఒక పుస్తకం. రెండూ కలిపి బుర్ర పాడుచేసుకోకు. పరీక్ష అయ్యాక అన్నీ చెబుతానన్నానుగా." చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది ఇదే.

ఆ ఏడూ తప్పారు, అది రెండోసారి. పేపర్లో ‘ఎందుకు జరిగింది’ అని అడిగితే, ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో అధ్యాయమంతా రాసి వచ్చారు మరి. పరీక్ష తప్పితే అది అయినట్టు కాదు. అమ్మణ్ణికి ఇంకో ఏడాది వాయిదా పడింది.

మూడోసారి మద్రాసు ప్రయాణం నాటికి ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్తోంది. పడవ ఎక్కేముందు అంది, "ఈసారి తప్పకుండా చెప్పాలండి. రాజుగారిదీ, పాటదీ. మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఏం చేసుకోను వాటిని?" తాతగారు చేతిలో చెయ్యి వేసి మరీ మాటిచ్చారు.

చరిత్ర పేపర్లో ఆ రాజే వచ్చాడు. ప్రజలు ఆయన మీద ఎందుకు తిరగబడ్డారు, ఆ కాలపు కవిత్వంలో దేశం కలత ఎలా కనిపిస్తుంది అని ప్రశ్న. తాతగారు అలవాటుగా అధ్యాయం ఎత్తుకోబోయి ఆగిపోయారు. ఈ ప్రశ్న ఇంట్లో వత్తులు చేసుకునే మనిషి రెండేళ్ళుగా అడుగుతున్నదే. అప్పుడు వల్లించిందంతా పక్కన పెట్టి, అమ్మణ్ణి ఎదురుగా కూర్చుందనుకుని ఆవిడకి చెబుతున్నట్టే రాశారు. రాస్తుంటే తనకే మొదటిసారి అర్థమైంది, ఆ రాజూ ఆ కవీ ఒకే ఊరి గాలి పీల్చిన మనుషులని.

తిరుగు స్టీమరు మీద మూడు రోజులూ అదే ఆలోచన, తెలుగులో ఎలా చెబితే ఆవిడకి బాగుంటుందా అని. కాకినాడలో దిగి ఇంటికి కూడా పోకుండా, కాలవ పడవల్లో నేరుగా ముక్కామల వెళ్ళారు.

ఘనపాఠిగారు అరుగు మీద ఉన్నారు. అల్లుణ్ణి చూసి లేచి చెయ్యి పట్టుకున్నారు. పురుడు కష్టమై తల్లీ బిడ్డా ఇద్దరూ పోయి పన్నెండు రోజులైంది. చరిత్ర పరీక్షకి ముందురోజు. తాతగారి తమ్ముడు వచ్చి కర్మ చేసి వెళ్ళాడు.

"తంతి కొట్టించలేదేంటండీ?" అన్నారు తాతగారు.

"అదే వద్దంది నాయనా. నొప్పులు పడుతూ నాచేత ఒట్టు వేయించుకుంది. కబురు తెలిస్తే పరీక్ష పోతుంది, పోతే నేను మళ్ళీ ఏడాది ఆగాలి అంది. చివరిదాకా ఏవో ఇంగ్లీషు ముక్కలు అంటూనే ఉంది. స్వరం చూస్తే ఏడుపులా ఉంది. వాటి అర్థం ఏంటి నాయనా?"

తాతగారు అక్కడే, కాళ్ళయినా కడుక్కోకుండా, కూతురు పోయిన తండ్రికి చెప్పారు. రాజు ప్రజల సభ మూయించి, ఇష్టమొచ్చినట్టు పన్నులు వేసి, దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనన్నాడు. ఆ రోజుల్లోనే ఒక కవిగారి స్నేహితుడు సముద్రంలో మునిగి పోయాడు. అతని కోసం ఏడుస్తూ ఏడుస్తూ కవి దేశంలోని పెద్దల్ని కూడా తిట్టాడు. రెండిటికీ సంబంధం ఉంది. అమ్మణ్ణి సరిగ్గానే అడిగింది.

ఘనపాఠిగారు అంతా విన్నారు. ఇంకా ఉందేమోనని కాసేపు చూశారు.

"ఇంతేనా నాయనా? ఈ కాస్త చెప్పడానికా దాన్ని రెండేళ్ళు ఆపారు?"

తాతగారు ఆ ఏడు ప్యాసయ్యారు.