చేసినవాడిదే మొదటి తూటా

మా బావ హైసుల్ ఇరవై ఏళ్లు పట్నంలో సెంట్రింగ్ పని చేశాడు. నడుము పట్టేశాక కొండ మీదికి తిరిగి వచ్చి ప్లమ్ తోట వేసుకున్నాడు. ఊళ్లో ఎవరి మోటారు సైకిలు మొరాయించినా, ఎవరి తలుపు గడియ ఊడినా ఆయన దగ్గరికే తీసుకుపోయేవాళ్లు. ఇచ్చిన వక్క బుగ్గన పెట్టుకుని "చూద్దాంలే" అనేవాడు. ఆ మాట అన్నాడంటే పని అయిపోయినట్టే లెక్క. తుపాకులు చేయడంలో కూడా ఆయనకు మంచి పేరు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో చెబుతాను.

మా బునున్ కొండజాతి వాళ్లకు కొన్న తుపాకీ పెట్టుకునే హక్కు లేదు. ఇంట్లో దొరికితే జైలే. సొంత చేతులతో చేసుకున్నదైతే మాత్రం చట్టం ఒప్పుకుంటుంది. మేం దాన్ని రైఫిల్ అనే అంటాం, అది మా గొప్ప. నిజానికి అది ఓ ఇనుప గొట్టం, ఓ చెక్క, కాస్త వెల్డింగు. మిగిలింది దేవుడి దయ. ఆ చట్టం రాసిన పెద్దమనిషి ఒక్కసారి మా కొండెక్కి, అలాంటిదాన్ని చెంపకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. చెంప మిగిలితే తర్వాత మాట్లాడుకుందాం. ఒక కన్ను లేనివాళ్లు, వేళ్లు పోయినవాళ్లు మా వైపు ఎవరికీ వింత కాదు.

అందుకే మాలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త తుపాకీ కానీ, బాగుచేసిన పాతది కానీ, మొదటి తూటా చేసినవాడే పేల్చాలి. వండినవాడు ముందు తానే రుచి చూడాలన్నట్టు. అది నిలిచాక, రెండోది తుపాకీ ఎవరిదో వాడు పేలుస్తాడు.

మా అక్క లాంగుయికీ, హైసుల్ బావకీ ఒక్కడే కొడుకు, తాలుమ్. పట్నంలో పరంజాలు కట్టేవాడు. వేట జంతువుల చెవులకు గురిపెట్టి కొట్టే మా పండక్కి సెలవు పెట్టి వచ్చాడు. వాడి కోసం బావ కొత్త తుపాకీ చేశాడు. ఆ పొద్దున ముగ్గురం గడప దాటబోతుంటే బావకు తుమ్ము వచ్చింది. బయలుదేరేటప్పుడు తుమ్మినవాడు ఆ రోజు కొండ ఎక్కకూడదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే అయినా, తుమ్ము దగ్గరికి వచ్చేసరికి మా బావ తాతల కాలం మనిషే.

"ఇవాళ వద్దురా, రేపు పోదాం" అన్నాడు.

"రేపు నాకు బస్సుంది నాన్నా. తుమ్మింది నువ్వు, నేను కాదుగా" అని నవ్వాడు తాలుమ్. "మామ తోడున్నాడు. నువ్వు చేసిన తుపాకీకి పరీక్ష ఏంటసలు?"

ఆ పొగడ్తకు బావ మెత్తబడ్డాడు. మేమిద్దరమే వెళ్లాం.

మాలో వేట దొరికినా, తుపాకీ పరీక్షించినా, పేల్చినవాడు గట్టు మీద నుంచి ఊరి వైపు కేక వేస్తాడు. ఇంట్లోవాళ్లు బదులు కేక వేసి పొయ్యి మీద నీళ్లు పెడతారు. పేల్చినవాడి కేకే వినపడాలి. పక్కవాడి గొంతు వినపడిందంటే పేల్చినవాడు లేనట్టే, ఇక అడగాల్సిందేమీ లేదు. ఆ రోజు మా అక్క చప్పుడు వినగానే నీళ్లు పెట్టేసింది. కేక వచ్చేదాకా కూడా ఆగలేదు. కాసేపటికి కేక వినపడింది. అది నా గొంతు.

గొట్టం వెనక అతుకు విడిపోయింది. అంతకంటే చెప్పలేను.

ముక్కల్ని గోనెసంచిలో చుట్టి బావ అటక మీద పడేశాడు. వెల్డింగు మిషను చర్చికి ఇచ్చేశాడు. ఎవరైనా గడియ పట్టుకొస్తే "నాకు రాదు" అనేవాడు. ఊళ్లో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదేమో. తనని తాను తిట్టుకోవడానికి మనిషికి ఒక్క నోరు చాలదు.

తర్వాత కొన్నేళ్లకు అక్క కడుపులో గడ్డ పడింది. తైతుంగ్ పెద్దాసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండి అన్నారు. ఓ సాయంత్రం నేను కొర్ర గంజి తీసుకుని వెళ్లాను. అక్క మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమయ్యా, వాడి తుపాకీ ఉందా, పారేశావా?" అని అడిగింది బావని.

బావ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఇప్పుడెందుకే అది?"

"బాగుచెయ్యి."

"మతి పోయిందా నీకు?"

"పోయేదాన్ని, మతి ఒక్కటీ మిగిలి ఏం చేస్తుంది? నా చెవుల్లో ఆ రోజు చప్పుడే ఉండిపోయిందయ్యా. దాని వెనకే వీడి కేక. పడుకున్నా అదే, లేచినా అదే. ఇంకో చప్పుడు వినిపించు. దాని వెనక నీ కేక వినిపించు. అది విని పోతాను."

నాకు మనసు చివుక్కుమంది. "నా గొంతు నీకు అంత చేదైందా అక్కా?" అన్నాను, నవ్వులాటగా అన్నట్టు.

"చేదేరా తమ్ముడూ. ఏం చెయ్యను?" అని నా తల మీద చెయ్యి వేసింది.

మర్నాడు బావ చర్చికి వెళ్లి మిషను అడిగి తెచ్చుకున్నాడు. పాత తుపాకీలో చెక్క ఒక్కటే పనికొచ్చింది. తక్కినదంతా కొత్తగా చేశాడు. తోటలో పూత వచ్చి రాలిపోయింది, ఆయన తల ఎత్తి చూడలేదు. అతుకు వేసేవాడు, చల్లారాక చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టి వినేవాడు, నచ్చక కోసి మళ్లీ వేసేవాడు. అక్క లోపల నుంచి కేకలు పెట్టేది, "ఏమయ్యా, పెళ్లికూతురికి కూడా ఇంత ముస్తాబు చెయ్యరు. నేనుండగా అవుతుందా?"

అయింది. అయ్యాక మాత్రం బయలుదేరడు. ఒక రోజు వాన పడేలా ఉందన్నాడు. ఇంకో రోజు తుపాకీ మందు చెమ్మగిల్లిందన్నాడు. మరో రోజు మోకాలు.

"తుమ్మితే ఊడే ముక్కులాంటిది చేశావా ఏంటి బావా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. చేతులు చాపి చూపించాడు. రెండూ వణుకుతున్నాయి. "చస్తానని కాదురా. ఇది కూడా పగిలితే మీ అక్క మళ్లీ అదే చప్పుడు వింటుంది. మళ్లీ నీ కేకే వింటుంది. పోయేముందు దానికి రెండోసారి అదే వినిపించమంటావా?"

నాకు ఎగతాళి చేసినందుకు సిగ్గేసింది.

చివరికి ఓ పొద్దున, మంచు విడిచాక, భుజాన తుపాకీ వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. మాకు కొండెక్కే ముందు రాత్రి వచ్చిన కల అడిగి శకునం చూడడం అలవాటు.

"ఏం కలొచ్చింది బావా?"

"నిద్రపోతేగా."

గడప దగ్గర ఆగిపోయాడు. సూర్యుడి వైపు ముఖం పెట్టి, కళ్లు చికిలించి, అలాగే నిలబడ్డాడు. ఎండలోకి చూస్తే కొందరికి తుమ్ము వస్తుంది. ఆయన దాని కోసమే చూస్తున్నాడని నాకు తెలిసింది. లోపల మంచం మీదున్న అక్కకు కూడా తెలిసింది.

"రాలేదుగా? ఇక కదులు" అంది లోపల నుంచి.

గట్టు మీద, ఆ రోజు తాలుమ్ నిలబడి పేల్చిన చోట, పాత మొద్దు అక్కడే ఉంది. దాని పక్కన పిచ్చిమొక్కలు పెరిగాయి. నేను అటు చూడలేదు. సంచిలోంచి తాడు తీశాను.

"చెట్టుకి కట్టి దూరం నుంచి లాగుదాం బావా. కుర్రాళ్లందరూ ఇప్పుడు అలాగే చేస్తున్నారు."

"అప్పుడు పేల్చింది తాడవుతుంది. నేను కాదు." తూటా పెట్టి చెంపకు ఆనించాడు. దించాడు. చెమట తుడుచుకుని మళ్లీ ఆనించాడు. "నువ్వు దూరం జరుగు."

"జరగను."

"జరగరా వెధవా. ఇద్దరం పోతే ఎవడు చెప్తాడు ఇంటికి?"

"నేనైతే చెప్పను. ఇంకోసారి చెప్పను."

నా వైపు ఒక చూపు చూశాడు. ఆ తర్వాత నేనున్నానన్న సంగతే మరిచిపోయాడు. ఊపిరి బిగబట్టాడు. నేను చెవులు మూసుకోవాల్సింది పోయి కళ్లు మూసుకున్నాను.

చప్పుడు అవతలి కొండకు తగిలి తిరిగి వచ్చింది. కళ్లు తెరిచేసరికి బావ నిలబడే ఉన్నాడు. తుపాకీ చేతుల్లోనే ఉంది, గొట్టం గొట్టంలాగే ఉంది. వేళ్లన్నీ ఉన్నాయి.

"కేక వెయ్యి బావా!"

నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు. ఉన్నట్టుండి మొద్దు మీద కూలబడి, తుపాకీని ఒళ్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. కొడుకుని పూడ్చిన రోజున కూడా ఆయన అలా ఏడవలేదు.

కింద మా వాళ్ల ఇంటి నీలం రేకుల కప్పు కనిపిస్తోంది. దాని కింద అక్క చెవులు రిక్కించి ఉంటుంది. చప్పుడు విని ఉంటుంది. ఆ తర్వాత ఏమీ విని ఉండదు. నా గొంతులో కేక సిద్ధంగా ఉంది. నేను అరిస్తే చాలు, బావ పోయాడనుకుని అక్క ప్రాణం వదిలేస్తుంది. చేత్తో నా నోరు నేనే మూసుకున్నాను.

"అక్క వింటోంది బావా. నీ కాళ్లు పట్టుకుంటాను, వెయ్యి."

"రావట్లేదురా. గొంతు రావట్లేదు."

ముఖం తుడుచుకున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి ఇంకో తూటా తీశాడు. అతుకుకు మొదటి దెబ్బ ఎంత గండమో రెండోది కూడా అంతే, ఒక్కోసారి ఎక్కువే. అది ఆయనకు చెప్పాల్సిన పని లేదు. ఈసారి చేతులు వణకకుండా పేల్చాడు. పోయినవాడు రెండోసారి పేల్చలేడు కదా.

మేం దిగి వచ్చేసరికి వంటింట్లోంచి పొగ వస్తోంది. నెలరోజులుగా మంచం దిగని మనిషి గోడ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కుండలో నీళ్లు మరుగుతున్నాయి.

"కేక ఏదయ్యా?"

"గొంతు రాలేదే."

"పోయావనుకున్నాను. కుండ దించేశాను. ఇంకోటి విన్నాక మళ్లీ పెట్టాను." ఆగి ఊపిరి తీసుకుంది. "ఒక్కటేగా అడిగాను. రెండెందుకు?"

బావ తుపాకీని గోడకు ఆనించాడు. "మొదటిది చేసినవాడిది. ఆ రోజు నేను పేల్చాల్సింది."

"రెండోది?"

"తుపాకీ ఎవరిదో వాడిది."

అక్క మాంసం లేని ఆ నీళ్లలో ఉప్పు వేసి, అల్లం చిదిమి వేసి, నాలుగు గిన్నెల్లో పోసింది. ముగ్గురం తాగాం. నాలుగోది చల్లారిపోయేదాకా ఎవరం ముట్టుకోలేదు.

ప్లమ్ పళ్లు రంగు తిరగకముందే అక్క పోయింది. పూడ్చి వచ్చాక ఇంటినిండా జనం ఉన్నారు, బావ మాత్రం కనిపించలేదు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే గట్టు మీద నుంచి కేక వినపడింది. పొడుగైన, నిఖార్సైన కేక, ఆయన గొంతే. బదులు చెప్పాల్సిన మనిషి లేదు. జనమంతా మాటలాపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కుండ కడిగి, పొయ్యి మీద నీళ్లు పెట్టాను.