మా బడి అన్నంలో కలిపిన అబద్ధం

ఆ మధ్యాహ్నం గంట కొట్టినా పిల్లలు పళ్లేలు తీయలేదు. నకరికల్లు దాటాక ఒక పల్లెలో హైస్కూల్ మాది. నేను సోషల్ చెబుతాను. వంటావిడ గరిటె పట్టుకుని సాంబారు గిన్నె పక్కన నిలబడి ఉంది. ఆవిడ ముందు ఒక్కరూ లేరు. ఏమైందని అడిగితే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తల వంచుకుని, "ఫోన్లో వీడియో వచ్చింది మేడం. ఆయమ్మ అన్నంలో ఉమ్మేస్తందంట," అంది.

ఆ వీడియో నా ఫోన్‌కీ వచ్చింది. ఎవరో ఆడమనిషి పెద్ద గిన్నె మీదికి వంగి ఉంటుంది. ముఖం కనపడదు. కింద మా బడి పేరు, దాని కింద 'మీ పిల్లలు ఎవరి చేతి కూడు తింటున్నారో చూడండి' అన్న మాట. వంటావిడది చర్చి పక్క పేట. ఆ 'ఎవరి' అన్నది అందుకే. చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం తొమ్మిదో తరగతి క్లాసులో పాఠం పక్కన పెట్టి దాన్నే పెద్ద టీవీలో వేశాను. రాసినదాన్ని వదిలేసి కళ్లకు కనపడేదే చెప్పమన్నాను. ఉమ్మడం ఎవరికీ కనపడలేదు. అక్కడ కట్టెల పొయ్యి, పెంకుల కప్పు. మాది గ్యాసు, శ్లాబు. వీడియోకి తగిలించిన పాట వెనక వినపడే మాటలు తెలుగే కాదు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. మరి మన బడి పేరు ఎందుకు పెట్టారు, దానివల్ల ఎవరికి లాభం అని అడిగాను. అన్నం దగ్గర వీడియో సంగతి చెప్పిన ఆ పిల్లే లేచింది.

"ఆయమ్మని తీసేత్తే ఆ పని మా పెద్దమ్మకి ఇప్పిస్తామన్నారంట మేడం, ఊళ్లో పెద్దోళ్లు. గ్రూపులో పెట్టింది మా బాబాయే."

మర్నాడు ఆ బాబాయి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. పిల్లల్ని ఇంట్లో వాళ్ల మీదికి ఎగదోస్తున్నానట. వీడియోలో మా బడి ఎక్కడుందో చూపించమన్నాను.

"నిజమో అబద్ధమో నాకెందుకమ్మా? నాకొచ్చింది, పంపిచ్చా," అన్నాడు. సిగ్గుపడలేదు. తడబడనూ లేదు.

వాళ్లు వెళ్లాక హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, ఊళ్లో వాళ్లతో మనకెందుకు, పుస్తకంలో ఉన్నది చెప్పుకుందాం అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. క్షమించడం మాత్రం నా వల్ల కాలేదు.

కొన్నాళ్లకు తల్లిదండ్రుల ఫిర్యాదుల పేరు చెప్పి వంటావిడను తీసేశారు. అబద్ధమని ఊరంతటికీ తెలిశాకే తీసేశారు. ఇప్పుడావిడ మిరప కోతలకు పోతోంది. దారిలో కనపడితే నన్ను పలకరిస్తుంది. నేనే ఆవిడ ముఖంలోకి చూడలేకపోతున్నాను.

ఆ పిల్లను కొన్నాళ్లు బడికి పంపలేదు. తిరిగొచ్చిన రోజు హెడ్మాస్టరు గారికి నచ్చే పుస్తకం సంగతేమీ అడగలేదు. "మా గ్రూపులో ఇంకోటి వచ్చింది మేడం. అందరం కలిసి చూద్దామా?" అంది.

క్లాసు తలుపు తీసే ఉంచి టీవీ పెట్టాను.