ఒక్క పూస మారిన రక్తం

నా బిడ్డను ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసినప్పుడు నా చెల్లెలు వంగి, దాని నుదుట బొట్టు పెట్టి, "ఇది నా కోడలు" అంది. మా ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. సిరొంచలో మా భూములు పోయాయి, గడీ గోడలు వానలకు కరిగాయి. బయటి సంబంధం చేయకపోవడం ఒక్కటే మాకు మిగిలిన గొప్ప. చెల్లెల్ని కూడా మేనమామ కొడుక్కే ఇచ్చాం.

దాని కొడుక్కి ఏటా వానాకాలంలో కీళ్ల నొప్పులు. కళ్లు పచ్చగా ఉండేవి. బావ వైపు నుంచి వచ్చిన జబ్బని అనేవాణ్ణి. ఎనభైల మధ్యలో, ముహూర్తం పెట్టుకునే ముందు, వాణ్ణి జింగనూర్ వైద్యశిబిరానికి తీసుకెళ్లాను.

కుర్ర డాక్టర్ గాజుపలక మీద రక్తపు చుక్క వేసి, కాసేపాగి నన్ను మైక్రోస్కోపులో చూడమన్నాడు. గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవళ్లలా వంగి ఉన్నాయి.

"రక్తంల ఎర్రటి ప్రొటీన్ ఉంటది దొరా. పూసలదండ అనుకోండ్రి. అండ్ల ఒక్క పూస మారింది. గందుకే కణం వంకర తిరిగి సన్న నరాల్ల ఇరుకుతది. ఈ అడవి ఊళ్లల్ల ఈ రోగం మస్తుగ ఉన్నది."

"అడవోళ్ల రోగం మాకెట్ల వస్తది?"

"అడవి, గడీ అని చూసి రాదు దొరా. తల్లి దిక్కు నుంచి ఒకటి, తండ్రి దిక్కు నుంచి ఒకటి వస్తేనే ఇంత బాధ."

తల్లి దిక్కంటే నా దిక్కే. చేయి చాపాను. నా చుక్కలోనూ కొడవళ్లు కనబడ్డాయి. మరునాడు తీసుకెళ్లిన నా బిడ్డ చుక్కలోనూ.

"మీ ఇద్దరికీ ఒక్క దిక్కు నుంచే వచ్చినట్టుంది, మీకు బాధ లేదు. కానీ ఈ పెండ్లి చేస్తే, పుట్టే పిల్లలు గా పిలగాని లెక్కనే అయ్యే భయం సగానికి సగం."

వారానికి చెల్లెలు కొడుకుతో వచ్చి ముహూర్తం అడిగింది. నిజం చెబితే మా రక్తంలో రోగమని ఊరంతా తెలుస్తుంది, బిడ్డకు మరో సంబంధం రాదు. నిటారుగా కూర్చుని, "మీ ఇల్లు మాకు సరితూగదు" అన్నాను.

"ఏందన్నా, తొట్టెల కాడ తూగింది ఇప్పుడు తూగదా? గడీ కూలింది గాని నీ పొగరు కూలలే."

మేనల్లుడు చేతికర్ర ఊతంతో లేచాడు. "పోదాం పా అమ్మా. మామకు కుంటోడు అల్లుడెందుకు?"

రెండు వానాకాలాల తర్వాత ఛాతీనొప్పితో పోయాడు. వెళ్తే చెల్లెలు తలుపు తీయలేదు.

బిడ్డను రేగుంటలో బయటివాళ్లకిచ్చాను. ఆ అబ్బాయి రక్తం పరీక్ష చేయించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు.

మనవడు వచ్చినప్పుడల్లా వాకిట్లో వెలుగులో నిలబెట్టి, కంటి కింది రెప్ప లాగి చూస్తాను.

"ఏం చూస్తున్నవ్ తాతా?"

"ఏం లే" అంటాను.