పట్టుదారం కట్టిన చెక్కలు

పాతపాళ్యలో ఆదినారాయణప్పంత పొగరుబోతు ఇంకొకడు లేడు. చెక్కభజనలో ముందు నిలబడేది ఆయనే. అడుగు తప్పినవాణ్ణి అందరి ముందూ చెక్కతోనే నెత్తిమీద కొట్టేవాడు. నేను రెండో వరుసవాణ్ణి కాబట్టి ఆ సంగతి నా నెత్తికి బాగా తెలుసు. ఆయన అన్న కొడుకు నందీశైతే ఆ దెబ్బలు తింటూనే పెరిగాడు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. భజనకు ముందు రాములవారికి హారతి ఇస్తారు. అది వెలుగుతున్నంతసేపూ అందరం చెక్కలు తలపైకెత్తి కదలకుండా నిలబడాలి. చెక్కలకున్న ఇత్తడి బిళ్ళలు గల్లుమనకూడదు. వెనకవాడివి మోగితే తిట్టి వదిలేస్తారు. ముందు నిలబడ్డవాడివి మోగాయంటే ఆ చోటు పోయినట్టే, మళ్ళీ రాదు. ఆదినారాయణప్పకు ఆ చోటు దక్కిందీ అలాగే. సొంత అన్న, ఆ నందీశ్ నాయన చెక్కలు మోగిన రోజు, హారతి ఆరకముందే ఆయన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చాడు.

అలాంటివాడికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. భార్య అక్కయమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచుతారు. పట్టుగూళ్ళు అమ్మడానికి శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయినప్పుడు కాస్త పట్టుదారం తెచ్చుకుని, తన చెక్కల బిళ్ళలు కదలకుండా కట్టేశాడు. దారం కంటికి ఆనదు. అంతమంది మోతలో ఒకరి బిళ్ళలు మూగవైతే ఎవరు కనిపెడతారు? మేమూ కనిపెట్టలేదు. ఇదంతా తర్వాత అక్కయమ్మ చెబితే తెలిసింది.

అంతలో మా భజనతో కొత్త ఆట కట్టాలని ప్రతిమ అనే డాన్సు టీచరమ్మ బెంగళూరు నుంచి వచ్చింది. ఆదినారాయణప్ప చెక్కలో బొత్తామంత సెన్సరు అమర్చి, మణికట్టుకు వాచీలాంటి పట్టీ కట్టింది. ఆ చెయ్యి కదిలితే చాలు, స్పీకర్లలో బిళ్ళల మోత వస్తుంది, వెనక తెర మీద రంగులు పరుగెడతాయి.

"చెయ్యి రవంత కదిలినా పట్టుకుంటాదామ్మా?" అని అడిగాడు ఆదినారాయణప్ప.

"రవంతయినా పట్టుకుంటాదప్పా. దాని గొప్పే అది."

ఆయన మొహం వెలిగిపోయింది. మూగ చెక్కలకు గొంతొచ్చిందని సంబరపడ్డాడే గానీ ఆమె చెప్పింది సరిగా వినలేదు. రిహార్సల్లో హారతి లేదు, నేరుగా ఆటే. ఆయన చెయ్యి విసిరినప్పుడల్లా స్పీకర్లు అదిరిపోయాయి.

"యాడ మీ చెక్కలు? వినపడనే లేదే!" అని మమ్మల్ని ఎగతాళి చేశాడు.

ప్రదర్శన చింతామణి టౌనులో. ఊరంతా టెంపోలెక్కి పోయింది. తీరా వేదికెక్కాక చూస్తే రాములవారి పటం, పళ్ళెంలో కర్పూరం. మా పద్ధతి తప్పకూడదని ప్రతిమే పెట్టించింది.

ఆదినారాయణప్ప గొంతు తగ్గించాడు. "ఈ పట్టీ ఇప్పుడొద్దమ్మా. హారతైనాక కట్టుకుంటా."

"అంతా కనెక్టయి ఉండాదప్పా. తీయొద్దు."

కర్పూరం వెలిగింది. అందరం చెక్కలెత్తాం. మొదట ఒక గల్లు. తర్వాత ఆగకుండా గల్గల్గల్గల్. తెర మీద ఎర్ర రంగు వణికిపోతోంది. చింతామణి జనం అది కూడా ఆటే అనుకున్నారు. మా ఊరివాళ్ళకు మాత్రం అర్థమైపోయింది. ఆయనకు దొంగకు తేలు కుట్టినట్టయింది. చెయ్యి దించనూ లేడు, ఆపనూ లేడు.

నందీశ్ హారతి ఆరేదాకా ఆగలేదు. గుండెల మీద చెయ్యేసి నెట్టాడు. "పక్కకు రా చిన్నాయనా." అంత వణుకుకూ చేతిలోవి మోగలేదేమని చెక్కలు లాక్కుని తిప్పి చూశాడు. దారం తెంపి జనానికి ఎత్తి చూపించాడు. "పట్టుదారం కట్టుకోనుండాడు, సూడండప్పా!"

నేను కడుపారా నవ్వాను. నా నెత్తి మీది దెబ్బలన్నీ ఆ రోజుకు చల్లబడ్డాయి.

తర్వాత అక్కయమ్మ ఆయన్ను చిక్కబళ్ళాపురంలో డాక్టరుకు చూపించింది. మాత్రలతో వణుకు చాలావరకు తగ్గింది. శ్రీరామనవమినాడు ఆయన మా ముందుకొచ్చి ఖాళీ చెయ్యి ఎత్తి నిలబడ్డాడు. "సూడండి, ఇప్పుడు కదిలేదే లేదు."

"పోయింది మళ్ళా రాదు చిన్నాయనా," అన్నాడు నందీశ్. "మా నాయనకు నువ్వు చెప్పిన మాటే కదా?"

మేమంతా నందీశ్ వెనక వరుస కట్టాం. ఆయన తరఫున మాట్లాడాలని ఎవరికీ అనిపించలేదు.

కొన్నాళ్ళకు ప్రతిమ ఫోను చేసింది. చింతామణిలో విన్న ఆ వణుకు మోత ఆమెకు తెగ నచ్చిందట. ఆయన వేదిక మీద చెయ్యెత్తి కూర్చుంటే చాలు, ఆ మోతకు ఆడపిల్లలు నాట్యం చేస్తారట. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ బెంగళూరు పోయాడు. పట్టీ కట్టారు. స్పీకర్లు పలకలేదు.

"ఆ పొద్దు వచ్చినట్టు రావడం లేదప్పా," అంది ప్రతిమ. "పోనీలెండి, అప్పటి రికార్డింగుండాది. మీకెందుకు శ్రమ?"

ఆయన ఇంటికొచ్చి మాత్రలు మానేశాడు. పురుగులు తినగా మిగిలిన మల్బరీ ఆకుల కుప్పలో అక్కయమ్మకు ఆ మాత్రలు దొరికాయి. చేతులు పట్టుకుని ఏడ్చిందట. "మళ్ళా నన్ను పిలుస్తారు, నువ్వు నోరు మూసుకో," అన్నాడట.

నిజంగానే పిలిచారు. మొన్న చిక్కబళ్ళాపురంలో ఆ ఆట నేనూ చూశాను. ఆయన చెయ్యి భుజం దాకా ఊగిపోతోంది. పిల్లలు అద్భుతంగా ఆడారు. చివర్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు ఈసారి నవ్వు రాలేదు. ఆదినారాయణప్ప దండం పెట్టబోయాడు, రెండు చేతులూ కలవలేదు. ఆ తంటాలకు కూడా స్పీకర్లు గల్లుమన్నాయి. జనం ఇంకా గట్టిగా కొట్టారు.