పెన్‌డ్రైవులో పిళ్ళప్ప పద్యం

రామాంజినప్పకు కోపం తెప్పించాలంటే, "నీ కంప్యూటరు అందరి మాదిరి లేదే?" అని ఒక్క మాట అంటే చాలు. చేతిలో పని వదిలేసి లైనక్స్ గొప్పతనం గురించి అరగంట దంచుతాడు. బాగేపల్లి బస్‌స్టాండు వెనక ఆయన డీటీపీ అంగడి, నా టైలరింగు అంగడి ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. పదకొండేళ్ళుగా ఆ ఉపన్యాసం వింటున్నాను, నా ఖర్మ!

ఆ కంప్యూటరు మూతపడిన టైపింగు ఇన్‌స్టిట్యూటు నుంచి తెచ్చిన పాత డబ్బా. అందరూ వాడే సాఫ్ట్‌వేర్ బరువు మోయలేదని దాని బదులు లైనక్స్ వేశాడు. అయినా ఇంటర్నెట్టులో వీడియో తెరిస్తే ఆగి ఆగి ఆడేది. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. వీడియో అడ్రసు కాపీ చేసి వీఎల్‌సీ ప్లేయర్‌లో అతికిస్తే ఆగకుండా ఆడుతుంది. ఎవరూ నేర్పలేదు, సొంతంగా పట్టాడు. అప్పటినుంచి మనిషి నేల మీద నడవలేదు.

ప్రతి సంత రోజూ చాకవేలు నుంచి అక్కయమ్మ వచ్చేది. ఆమె భర్త పిళ్ళప్ప ఊరి నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. నిరుడు గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఎప్పుడో జాతరలో ఆయన పాడిన పద్యాన్ని మైక్‌సెట్ ఆయన వీడియో తీసి తన చానెల్లో పెట్టాడు. పిళ్ళప్ప గొంతు లోకంలో మిగిలింది అదొక్కటే, ఆరు నిమిషాల నలభై రెండు సెకన్లు. అక్కయమ్మ దగ్గరున్నది బొత్తాల ఫోను. అందుకే ఇక్కడికొచ్చి, స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. అయిపోగానే లేచి వెళ్ళిపోయేది. ఆమె వింటున్నంతసేపూ గోడకు ఇవతల నేను మిషను ఆపేసేదాన్ని.

ఏడాది తిథి దగ్గర పడింది. పోయినవాళ్ళకు ఇష్టమైన తిండి, బీడీ, ఆకువక్క ఫోటో ముందు పెట్టడాన్ని మా వైపు ఎడ అంటారు.

"రామాంజినప్పా, ఎడ ముందర ఆయప్ప పద్యం వినిపించాలప్పా. టీవీకి గుచ్చేది ఏదో ఉంటాదంట కదా, దాంట్లో ఎక్కించి ఇయ్యి. బంధువులంతా వస్తాండారు," అంది అక్కయమ్మ.

"అదెంత పనమ్మా! నువ్వు నిమ్మళంగా పో."

ఆ సాయంత్రమే ప్లేయర్‌లోని ప్లేలిస్టును పెన్‌డ్రైవులో సేవ్ చేశాడు. తీసి, మళ్ళీ గుచ్చి నొక్కాడు. పిళ్ళప్ప గొంతు ఖంగుమంది. నన్ను పిలిచి మరీ వినిపించాడు.

"చూసినావా సుజాతమ్మా, అంత పద్యం రెండు క్షణాల్లో ఎక్కేసింది!"

రెండు క్షణాల్లోనా? నా ఫోన్లోకి మేనకోడలి పెళ్ళి వీడియో దించుకోవడానికి గంట పట్టింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే మళ్ళీ అరగంట లైనక్స్. నోరు మూసుకుని వచ్చి జాకెట్లకు హుక్కులు కుట్టుకున్నాను.

తిథి రోజు ఇద్దరం చాకవేలు వెళ్ళాం. అక్కయమ్మ విస్తట్లో రాగిముద్ద, కోడికూర, బీడీకట్ట సర్ది, టీవీ తిప్పి ఫోటో వైపు పెట్టించింది. ఇంటినిండా జనం. రామాంజినప్ప పెన్‌డ్రైవు గుచ్చాడు. ఏమీ రాలేదు. తీసి తుడిచి గుచ్చాడు. రాలేదు. టీవీ మంచిది కాదని దాని మీద మండిపడ్డాడు. అక్కయమ్మ తమ్ముడు లోకేశ్ బడిలో మేష్ట్రు. తన ల్యాప్‌టాప్ తెచ్చి చూశాడు.

"దీంట్లో వీడియో లేదప్పా. వీడియో అడ్రసు మాత్రమే ఉండాది. నీ అంగట్లో నెట్ ఉండాది కాబట్టి ఆడింది."

"అయితే ఆ అడ్రసుకే పోయి తియ్యప్పా, నీ ఫోన్ నెట్ పెట్టు," అని రామాంజినప్ప అతని చేతులు పట్టుకున్నాడు. లోకేశ్ పెట్టాడు. ఈ వీడియో అందుబాటులో లేదు అని వచ్చింది. మైక్‌సెట్ ఆయనకు ఫోన్ చేశారు. వ్యాపారం మానేసి, నాలుగు రోజుల కిందటే చానెల్ తీసేశాడట. కెమెరాలోది ఎప్పుడో చెరిపేశాడట.

అక్కయమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఇన్ని వారాలు నువ్వూ నాతోనే వింటివి కదప్పా. కడాకు ఆయప్ప రాగం ఎట్ల లాగుతాడో ఒకసారి అను. నాకు అప్పుడే గుర్తుకు రాకుండా పోతాంది."

రామాంజినప్ప నోరు తెరిచాడు. అందరి ముందూ నేల మీద కూలబడి తల బాదుకున్నాడు. విస్తట్లో ముద్ద ఆరిపోయింది.

ఇప్పుడాయన ఎవరికి ఏది ఎక్కించినా నెట్ వైరు పీకేసి ఆడించి చూస్తాడు. వీడియో మొత్తం దించుకునే కమాండు కూడా నేర్చుకున్నాడు. ఒక్క వరుసే. లైనక్స్ మాట మాత్రం ఎత్తడు.

అక్కయమ్మ సంత రోజు వస్తూనే ఉంది. ఆయన ఆ ప్లేలిస్టు తెరుస్తాడు. అందులో పిళ్ళప్ప పేరు, పక్కన ఆరు నలభై రెండు అన్న అంకె ఇంకా ఉన్నాయి. నొక్కితే ఏమీ రాదు, అందుకని నొక్కడు. ఆమెకు చదవడం రాదు. మొదటిసారి ఆయనే వేలు పెట్టి చూపించాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ వరుస వైపే చూస్తుంది. పద్యం పట్టేంతసేపు చూసి, లేచి వెళ్ళిపోతుంది.

అంతసేపూ నేను మిషను ఆపేస్తాను. ఆ సాయంత్రం ఒక్క మాట అడిగి, అరగంట ఉపన్యాసం ఓర్చుకుని ఉంటే నా సొమ్మేం పోయేది!